లైటు ఆరితే పదకొండు

అయిజలో ఆ గల్లీకి గడియారంతో పని లేదు. కురుమూర్తి ఇంటి ముందున్న ఫోకస్ లైటు వెలిగితే ఏడు, ఆరితే పదకొండు. ఆ లెక్కనే పిల్లలు పుస్తకాలు మూసేవాళ్లు, ముసలివాళ్లు మంచాలు వాల్చేవాళ్లు, ఆటో పెంటయ్య పెళ్లాం మొగుడి కోసం తిట్లు సిద్ధం చేసుకునేది. ఇప్పుడు అదే లెక్క యోసేపు మెడకు చుట్టుకుంది.

గురువారం పొద్దున పదకొండు గంటలకు డిటెక్టివ్ వనజ సరిగ్గా ఆ ఇంటికి ఎదురుగా, సాయమ్మ గుడిసె ముందు పీట మీద కూర్చుని ఉంది. సాయమ్మ జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పెనం మీద ఒకటి, చేతిలో ఒకటి, నోట్లో ఎప్పుడూ ఒక మాట.

"అవ్వా, మంగళారం రాత్రి ఏం జరిగిందో ఇంకోపారి చెప్పు."

"ఎన్నిపార్లు జెప్పాలె బిడ్డా? పోలీసోల్లకు జెప్పిన. పేపరాయనకు జెప్పిన. నా నోరు అరిగిపోతుంది గని రొట్టె ఒక్కటి అమ్ముడు వోతలేదు."

"నాకు రెండు పెట్టు. తినుకుంట వింట."

సాయమ్మ చల్లబడింది. "ఏమున్నది జెప్పేటందుకు? ఫోకస్ లైటు ఆరె. ఆరినంక జర సేపటికి ఆల్ల గేటు కిర్రుమనె. కురుమూర్తి పటేలు ఒంటికి లేచిండేమో అనుకుంటి. తెల్లారి జూస్తే మనిషి నెత్తురు మడుగుల ఉండె."

"గేటు ఎన్నిపార్లు కిర్రుమనె?"

"ఒక్కపారే."

"లైటు ఆరినప్పుడు నీ గుడిసెల కరెంటు ఉండెనా?"

"ఉండె. ఫ్యాను తిరుగుతుండె. లేకుంటే ఈ ఉడుకకు పానం ఉంటదా?"

"అప్పుడు టైమెంత?"

సాయమ్మ జాలిగా చూసింది. "లైటు ఆరితే పదకొండే గద బిడ్డా. గంత సదువుకున్నవు, గది తెల్వదా?"

వనజ తన నోటుపుస్తకంలో నిలువుగీత కొట్టి, ఎడమవైపు గంటలు, కుడివైపు మాటలు రాసుకుంది. పదకొండేళ్లు పోలీసు స్టేషన్లో రైటరుగా డైరీ రాసిన చెయ్యి అది. ఉద్యోగం వదిలినా గీత కొట్టే అలవాటు వదల్లేదు. వనపర్తిలో ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టింది గానీ, వచ్చే కేసులన్నీ పెళ్లికొడుకుల గురించి ఆరా తియ్యమనేవే. తాగుతాడా, ఇంకో పెళ్లాం ఉందా, ఉద్యోగం నిజమేనా. అలాంటి చోటికి నిన్న సాయంత్రం యోసేపు భార్య బాలమణి ఫోను వచ్చింది. వనజ దగ్గర టైపు చేసే పావని ఆమె చెల్లెలి కూతురు.

"తొమ్మిదేండ్లు ఆల్ల గేటుకాడ పండి కావలి గాసిండమ్మా నా మొగడు. గదే ఇంట్ల మనిషిని గొట్టిండంటరా?" అని బాలమణి ఏడ్చింది. ఆ ఏడుపు రాత్రంతా వనజ చెవుల్లోనే ఉంది.

పోలీసుల కథ చూడబోతే గట్టిగానే ఉంది. కురుమూర్తికి అరవై ఏళ్లు, విత్తన పత్తి పండించే రైతు. ఎండాకాలం ఇంటి ముందు వాకిట్లో మంచం వేసుకుని పడుకుంటాడు. మొన్నటి ఉగాదిదాకా ఆ వాకిట్లో అయిదువందల వాట్ల హాలోజన్ దీపం తెల్లవార్లూ వెలిగేది, గేటు దగ్గర యోసేపు కావలి ఉండేవాడు. కరెంటు బిల్లు చూసి చూసి పటేలు విసిగిపోయాడు. హాలోజన్ పీకించి చిన్న సీఎఫ్ఎల్ బల్బు పెట్టించాడు. కర్నూలు నుంచి టైమరు తెచ్చి గోడకు బిగించాడు. ఏడుకు వెలగాలి, పదకొండుకు ఆరాలి. ఊపులో ఉన్నాడు కాబట్టి రాత్రి కావలి కూడా దండగేనన్నాడు. యోసేపుకు పగటి చేను పని మాత్రం మిగిలింది. ఆ కచ్చతోనే కొట్టాడని పోలీసులన్నారు. మంచం పక్కన యోసేపు తువ్వాల దొరికింది, గడ్డపార దొరికింది. కురుమూర్తి కర్నూలు దవాఖానలో సోయి లేకుండా పడి ఉన్నాడు.

యోసేపు ఏమంటాడంటే, రాత్రి పదకొండుదాకా చేనుకాడ పశువులకు మేత, నీళ్లు పెట్టి ఒంటరిగా ఉన్నాడు. అక్కణ్నుంచి నడిచి పదకొండూ ఇరవైకి చర్చికి చేరాడు. ఆ రాత్రి ఉపవాస ప్రార్థన. ఆలస్యమైనందుకు పాస్టరు గోడ గడియారం చూపించి మరీ మందలించాడు. ఆ తర్వాత కోడి కూసేదాకా నలభై మంది మధ్యలోంచి అతను కదల్లేదు. తువ్వాల పగలు ఆ వాకిట్లోనే మరిచిపోయానన్నాడు.

అంటే అంతా ఒక్క ప్రశ్న మీద నిలబడింది. లైటు పదకొండుకే ఆరితే యోసేపు దోషి. ఆ తర్వాత ఆరితే అతను అసలు ఆ గల్లీలోనే లేడు. సాయంత్రం అయిదులోగా అతన్ని గద్వాల మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. రిమాండు పడితే బయటికి ఎప్పుడొస్తాడో ఆ దేవుడికే తెలియాలి.

"నిన్న లైటు వెలిగిందా అవ్వా?"

"యాడ వెలిగె! ఏడుకు వెలగకపాయె. నడిజాముల ఎప్పుడో ఒంటికి లేస్తే వెలుగుతుండె. రోజూ పొద్దుగూకంగ పటేలు చేతిగడియారం జూసి ఆ డబ్బల చక్రం తిప్పుతుండె. ఇప్పుడు తిప్పేటోడు లేకపాయె. మాకు యాళలే తెలుస్తలేవు." సాయమ్మ రొట్టెను తిరగేసింది. "పాపం లక్ష్మీదేవమ్మకు పొయ్యి ముట్టించే పానం గూడ లేదు. నిన్నటిసంది నా తాననే కొంటుంది, పూటకు ఆరు రొట్టెలు."

వనజ రొట్టె తుంచుకుంటూ తల ఊపింది. ఆమె బుర్ర మొత్తం ఆ చక్రం దగ్గరే ఉంది. పొద్దున తొమ్మిదికే సబ్‌స్టేషన్‌కు పోయి లాగ్‌బుక్కు చూసి వచ్చింది. ఆ టైమరులో ఉన్నది కరెంటుతో తిరిగే చక్రం. కరెంటు పోతే నిలబడిపోతుంది, వస్తే ఆగినచోటి నుంచి మళ్లీ కదులుతుంది. ఊళ్లో రోజూ కోతలు కాబట్టి రోజూ వెనకబడుతుంది, రోజూ పటేలు దాన్ని సరిచేస్తాడు. కానీ మంగళవారం రాత్రి, పటేలు సరిచేసిన తర్వాత, తొమ్మిదీ పది నుంచి పదీ నలభైదాకా లైను తెగి ఊరంతా కరెంటు పోయింది. గంటన్నర. అంటే చక్రం గంటన్నర వెనకబడింది. అంటే లైటు ఆరింది పదకొండుకు కాదు, పన్నెండున్నరకు!

ఆ సంగతి తెలిసిన క్షణం నుంచి వనజకు నేల మీద కాలు ఆనడం లేదు. సరిగ్గా అప్పుడే గల్లీ మొదట్లో పోలీసు జీపు ఆగింది.

ఇన్‌స్పెక్టర్ శ్రవణ్ కుమార్ ఫోన్లో మాట్లాడుతూ దిగాడు. కొత్త ఫోను, లౌడ్‌స్పీకరు ఉన్నది. అది కొన్నప్పటి నుంచి ఆయన ఎవరితో మాట్లాడినా వీధి మొత్తం వినాల్సిందే. అవతల డీఎస్పీ తిడుతున్నా స్పీకరు ఆపడు.

"ఏం వనజా, పెండ్లి సంబంధాలు దొరుకుతలేవా? మర్డర్ల మీద పడ్డవు?"

"మర్డరు కాలేదు సార్. పటేలు బతికే ఉన్నడు."

"ఉంటడో పోతడో. జర జరుగు, ఈ ముసలామె వేలిముద్ర కావాలె నాకు."

వీళ్లిద్దరికీ పాత పగ. ఆరేళ్ల కింద ఒక కేసులో నిందితుణ్ని తెచ్చిన సమయం మార్చి రాయమని శ్రవణ్ కుమార్ చెప్పాడు. రాయనంది వనజ. నెల తిరక్కుండా ఆమెకు నల్లమల అంచుకు బదిలీ అయింది. రెండు నెలలకు రాజీనామా పంపింది. అప్పటి నుంచి ఆయన ఎదురుపడితే ఆమెకు ఒళ్లు మండుతుంది, ఇవాళ కూడా మండింది.

"వేలిముద్ర పెట్టించకుండ్రి సార్. లైటు పదకొండుకు ఆరలేదు."

లాగ్‌బుక్కు సంగతి, చక్రం సంగతి మొత్తం చెప్పింది. ఆయన మధ్యలో అడ్డు తగల్లేదు, అదే ఆమెకు అనుమానం కలిగించాల్సింది. చివరిదాకా విని మీసం సవరించుకున్నాడు.

"మంచిగ చదివినవు. అంటే పన్నెండున్నర దాక లైటు వెలగాలె. అంతే గద?"

"అంతే."

"మరి ఆటో పెంటయ్య పన్నెండుంపావుకు ఇంటికొచ్చిండు. పన్నెండు గంటల కర్నూలు బస్సు దిగినోల్లను దింపి సీదా వచ్చిండు. బస్సు డ్రైవరును గూడ అడిగిన. ఆ టైముకు పటేలు ఇంటి ముంగట లైటు లేదన్నడు. గల్లీల వేరే ఇండ్లకు కరెంటు ఉన్నది, ఆ ఒక్క లైటే వెలుగుతలేదు. ఇప్పుడు నీ చక్రం ఏమంటది?"

వనజ నోట్లో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకున్నట్టయింది. పన్నెండుంపావుకే చీకటంటే లైటు అంతకుముందే ఆరింది. ఎంత ముందు? చక్రం ఏదో కారణంతో నిలబడకుండా తిరిగి పదకొండుకే ఆరిందా? లేకపోతే సబ్‌స్టేషన్ పుస్తకంలో రాతే తప్పా?

"ఒంటి గంటకు జీపు గద్వాలకు పోతది. యోసేపు అండ్లనే ఉంటడు. అంతలోపు నీ చక్రంతోని మాట్లాడుకో," అని శ్రవణ్ కుమార్ సాయమ్మ బొటనవేలు సిరాలో ముంచాడు.

జీపు పోయాక కూడా వనజ పీట మీద నుంచి లేవలేదు. ఎదురింటి గేటు కిర్రుమంటే తలెత్తి చూసింది. లక్ష్మీదేవమ్మ ఇంటికి తాళం వేసి సంచి పట్టుకుని బయటికి వస్తోంది. యాభై అయిదేళ్ల మనిషి రెండు రోజుల్లోనే పదేళ్లు పెద్దదైనట్టు కనబడుతోంది.

"పెద్దమ్మా, దవాఖానకా?"

"ఆఁ బిడ్డా. పన్నెండు బస్సుకు పోత. ఆయన కండ్లు తెరుస్తడేమో జూడాలె."

"ఆ రాత్రి మీకేం చప్పుడు వినబడలేదా?"

"తలుపు గడియ పెట్టుకొని లోపట ఒక్కదాన్నే పన్న. ఫ్యాను చప్పుడుకు ఏం ఇనబడుతది? తెల్లారి వాకిలి ఊడ్వ వస్తే గట్ల పడి ఉండె." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "యోసేపు మంచోడు బిడ్డా. మా చేతి అన్నం తిని పెరిగిండు. ఆడు చేసిండంటే నా మనసొప్పుతలేదు. గని లైటు పదకొండుకు ఆరింది గద, అందరు జూసిండ్రు గద."

"మీ కొడుకు రవి వచ్చిండా?"

"యాడ వస్తడు? రాయచూర్ల ఉన్నడు. ఆ పిల్లను జేసుకున్ననాడే గడప తొక్కద్దనె వాల్ల నాయిన. నాలుగు నెల్లాయె మొకం జూడక."

"నేను జర వాకిట్ల చూసుకుంట."

"బయట ఎంతసేపైనా జూసుకో. లోపట ఏమున్నది జూసేటందుకు?" అని ఆమె తాళంచెవి నడుములో దోపుకుని బస్టాండు వైపు నడిచింది.

పెంటయ్య తన ఇంటి ముందు ఆటోను ఒక పక్కకు వాల్చి చక్రం విప్పుతున్నాడు. వనజ అతని పక్కనే గొంతుకూర్చుంది.

"పెంటన్నా, పన్నెండుంపావుకు లైటు లేదన్నవట."

"లేకుండె మేడం. ఒట్టు. గని నేను చెప్పింది మొత్తం సారు రాసుకోలే."

"ఇంకేం చెప్పినవు?"

"అన్నం తిని, మా ఆడామె తిట్లు తిని, బీడీ తాగుదమని బయటికొచ్చిన. ఒంటిగంట గాలే ఇంక. జూస్తే లైటు వెలుగుతుంది!"

"వెలుగుతుందా?"

"మంచిగ వెలుగుతుంది. రెండో బీడీ అయిపోయేటప్పుడు మల్ల ఆరె. నేను సారుకు జెప్తే, ఎంత తాగినవురా అన్నడు. తాగిన, కాదంటలే. బస్సు రాకముందు జర కల్లు..."

"కల్లు ఎక్కడ తాగినవు, ఆ యాళకు?"

"తాగుదమని పోలే మేడం. ఆటో టైరుకు గాలి తక్కువుంటే పంపు అడుగుదమని పోయిన."

తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డికోసం అన్నాడట వెనకటికొకడు. వనజకు నవ్వు రాలేదు. నోటుపుస్తకం తెరిచి రాసుకుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆరింది. పన్నెండుంపావుకు చీకటి. ఒంటిగంట కాకముందు వెలుగు. ఆ తర్వాత మళ్లీ చీకటి. ఒక దీపం ఒకే రాత్రి రెండుసార్లు ఎలా ఆరుతుంది? టైమరైతే ఒక్కసారే ఆరుస్తుంది. ఊరి కరెంటు పోయిందనుకుందామా అంటే సాయమ్మ ఫ్యాను తిరుగుతూనే ఉంది. పెంటయ్యను నమ్మితే సాయమ్మ అబద్ధం, సాయమ్మను నమ్మితే పెంటయ్య తాగుబోతు, ఇద్దర్నీ నమ్మితే తనకే మతి పోయినట్టు. ఎటు చూసినా దారి మూసుకుపోయింది. స్టేషను గేటు దగ్గర బాలమణి నీళ్లు కూడా తాగకుండా కూర్చుని ఉంటుందన్న ఆలోచన ఆమెను మరీ ఇబ్బంది పెట్టింది.

ఇక మిగిలింది ఆ చక్రమే. నోరు లేనిది కాబట్టి కనీసం అబద్ధమాడదు.

వనజ కురుమూర్తి వాకిట్లోకి పోయేసరికి ఒంటి గంటకు అయిదు నిమిషాలు తక్కువ. ఎండ నిప్పులు చెరుగుతోంది. పక్కసందులో పిండిగిర్ని టకటకా ఆడుతోంది. ఊళ్లో మధ్యాహ్నం కోత రెండు గంటలకు, అంటే ఇంకా గంట ఉంది. అరుగు మీద తలుపుకు కుడివైపు కరెంటు మీటరు, దాని కింద టైమరు డబ్బా ఉన్నాయి. మెయిన్ స్విచ్చు మాత్రం లోపల నడింట్లో ఉంది. తలుపుకు పెద్ద తాళం వేలాడుతోంది.

డబ్బా మూత తీసింది. అరచేతంత తెల్లటి చక్రం, అంచు చుట్టూ పళ్లు. ఒక్కో పన్ను పావుగంట. లోపలి చిన్న మోటారు టిక్కుటిక్కుమంటోంది. చక్రం మీది అంకెలు తెల్లవారుజాము నాలుగూ ముప్పావు చూపిస్తున్నాయి. తన చేతిగడియారం సరిగ్గా మధ్యాహ్నం ఒంటి గంట.

వెనకబడటం సహజమే. మంగళవారం సాయంత్రం ఏడు తర్వాత దీన్ని ఎవరూ ముట్టలేదు. నిన్న నడిజామున వెలగడమే దానికి సాక్ష్యం. ఎంత వెనకబడాలో కూడా లెక్క కట్టవచ్చు. వనజ అరుగు మీద చతికిలబడి లాగ్‌బుక్కులో చూసి రాసుకున్న కోతలన్నీ కూడింది. మంగళవారం రాత్రి గంటన్నర. బుధవారం పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు. ఇవాళ పొద్దున రెండు గంటలు. మొత్తం ఏడున్నర గంటలు. ఒంటి గంటలోంచి ఏడున్నర తీసేస్తే చక్రం పొద్దుటి అయిదున్నర చూపించాలి.

చూపిస్తున్నది నాలుగూ ముప్పావు. మూడు పళ్లు తక్కువ.

మళ్లీ కూడింది. వేళ్ల మీద కూడా లెక్కపెట్టింది. మూడు పళ్లే. నలభై అయిదు నిమిషాలు ఊరందరికీ కరెంటు ఉంది, ఈ ఇంటికి లేదు.

ముందు చిరాకు పుట్టింది, ఇంకో చిక్కుముడి పడిందని. ఆ తర్వాత పెంటయ్య రెండు బీడీలు గుర్తొచ్చాయి. పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పింది. లైటు రెండుసార్లు ఆరడం వింతేం కాదు. మొదటిసారి ఆర్పింది టైమరు కాదు, మనిషి. ఎవరో లోపల మెయిన్ స్విచ్చు దించారు. ముప్పావుగంట తర్వాత మళ్లీ ఎత్తారు. లైటు మళ్లీ వెలిగింది. చివరికి టైమరు తన లెక్క పూర్తి చేసుకుని ఒంటింపావుకు ఆర్పింది. సాయమ్మ చెప్పింది నిజమే, తాగుబోతు పెంటయ్య చెప్పిందీ నిజమే.

ఆమె ఫోను తీసి శ్రవణ్ కుమార్‌కు కొట్టింది. జీపు చప్పుడు, దాని మీదుగా ఆయన గొంతు వినిపించాయి.

"చెప్పు. గద్వాల రోడ్డెక్కినం."

"సార్, జీపు ఆపుండ్రి. ఈ ఇంట్ల ఆ రాత్రి ముప్పావుగంట మెయిన్ బంద్ చేసిండ్రు. టైమరు పట్టిచ్చింది. పెంటయ్య చూసిన చీకటి అదే."

"అయితే?"

"పన్నెండుంపావుకు ఆ చీకటి ఇంక నడుస్తుంది. మొత్తం చీకటే ముప్పావుగంట. అంటే అది పదకొండున్నరకు ముందు మొదలు గాలేదు సార్, కానేరదు. లైటు ఆరినంకనే గేటు కిర్రుమన్నది. పదకొండూ ఇరవైకే యోసేపు చర్చిల ఉన్నడు."

అవతల ఇంజను చప్పుడు ఆగింది. ఎంత మొండివాడైనా శ్రవణ్ కుమార్‌కు లెక్కలు వచ్చు.

"మెయిన్ యాడుంది?" అన్నాడు చివరికి.

"లోపల, నడింట్ల."

"ఆ రాత్రి లోపల ఉన్నదెవరు?"

"తలుపు గడియ పెట్టుకుని లక్ష్మీదేవమ్మ ఒక్కతే ఉన్ననన్నది." ఆ మాటంటూ ఆమె తాళం వైపు చూసింది. అక్కణ్నుంచి చూపు మీటరు మీద పడింది. అద్దం వెనక ఎర్రచుక్క ఉన్న పళ్లెం గిరగిర తిరుగుతోంది. ఒక్క చిన్న టైమరు కోసం ఇంత వేగం అక్కర్లేదు.

"సార్, ఒక్క నిమిషం. ఇంటికి తాళం ఉన్నది, ఆమె కర్నూలు పోయింది. లోపల మాత్రం ఫ్యాను ఏదో తిరుగుతున్నట్టుంది, మీటరు..."

మాట పూర్తి కాలేదు. పళ్లెం ఆగిపోయింది. టైమరు టిక్కుమనడం మానేసింది.

పక్కసందులో గిర్ని ఆడుతూనే ఉంది.

తాళం వేసిన ఇంట్లో ఎవరో తన మాట విని మెయిన్ స్విచ్చు దించారు. పూటకు ఆరు రొట్టెలు. తిండి సయించని ఒక్క మనిషికి ఆరు రొట్టెలు! గేటు ఒక్కసారే కిర్రుమంది. ఎవరో లోపలికి వచ్చారు, బయటికి పోయినవాళ్లు లేరు.

"హలో? వనజా?"

గేటు కిర్రుమంది. ఈసారి ఆమె వెనకే.

లక్ష్మీదేవమ్మ సంచి పట్టుకుని నిలబడి ఉంది. బస్సు ఎక్కలేదు. గేటు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టి, నెమ్మదిగా అరుగు దగ్గరికి వచ్చింది. తెరిచి ఉన్న టైమరు డబ్బాను, వనజ మొహాన్ని, ఆగిపోయిన మీటరును ఒకదాని తర్వాత ఒకటి చూసింది. అబద్ధమాడే ఓపిక కూడా ఆమెకు మిగల్లేదు.

"బస్టాండు దాక పోయిన. మనసు నిలవకపాయె."

"లోపల ఉన్నది రవి గద పెద్దమ్మా?"

"నన్ను జూస్తనని ఫోన్ జేసిండు. తండ్రి జూస్తే సంపుతడు. గల్లీల జూస్తే తండ్రికి జెప్తరు. మెయిన్ బంద్ జేసిన. చీకట్ల వచ్చి చీకట్ల పోతడనుకుంటి." ఆమె సంచి కింద పెట్టింది. "ఆయన లేచె. దొంగనుకొని గడ్డపార తీసె. గుంజులాటల ఏమైందో ఆ చీకట్ల నాకు గూడ కనబడలే. నా చేతులార నేనే దీపం ఆర్పిన బిడ్డా."

"మరి యోసేపు?"

లక్ష్మీదేవమ్మ అరుగు మీద కూలబడి వనజ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి మంటలా కాలుతోంది.

"యోసేపు మంచోడు, నాకు తెల్వదా? ఆని పెండ్లాన్ని నేను సాదుత. పిల్లలకు అన్నం నేను బెడ్త. ఏడాదో రెండేండ్లో ఉండొస్తడు. ఆల్లకు కష్టం అలవాటే, దేనికైనా ఓరుస్తరు. నా కొడుకు ఓరువలేడు బిడ్డా."

పొద్దుటి నుంచీ చిక్కుపడిన ప్రతి ముడీ విడిపోయింది. వనజకు సంతోషం కలగలేదు. ఈ తల్లిని చూస్తే జాలేస్తోంది, ఆ మాట వింటే అసహ్యమేస్తోంది, రెండూ ఒకే గుండెలో ఎలా పడతాయో ఆమెకు అర్థం కాలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, చేతిలో ఫోను ఇంకా నడుస్తోందని. అవతల ఉన్నది శ్రవణ్ కుమార్. ఆయన స్పీకరు ఎప్పుడూ ఆపడు.

జీపులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత వచ్చిన గొంతు ఇన్‌స్పెక్టరుది కాదు. బొంగురుపోయిన, అలసిపోయిన గొంతు. అయినా ఆ ఇంటి అరుగుకు బాగా తెలిసిన గొంతు.

"అమ్మా, నేను యోసేపును. నేను గూడ ఓరువలేనమ్మా."

లక్ష్మీదేవమ్మ ఫోను వైపు చూసింది. వనజ చేతిని పట్టుకున్న ఆమె పట్టు సడలింది. నడుములోంచి తాళంచెవి తీసి అరుగు మీద పెట్టింది.

తలుపుకు ఆవల ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నారు. కాసేపటికి లోపల స్విచ్చు పడిన చప్పుడైంది. మీటరు పళ్లెం కదిలింది, గోడ మీది టైమరు మళ్లీ టిక్కుమనడం మొదలుపెట్టింది. వనజ అలవాటు కొద్దీ చేతిగడియారం చూసుకుని, పుస్తకంలో ఎడమవైపు ఒంటి గంటా ఇరవై అని రాసుకుంది.